రెక్కలున్న రాకెట్టులో అంతరిక్షం అంచుకు: టికెట్టు కొనేముందు తెలుసుకోవలసినవి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీకు యాభై దాటాయి, రక్తపోటు ఉంది కాని మందులతో అదుపులోనే ఉంది. మాతృవిమానం కింద వేలాడుతూ పైకి వెళ్లి, అక్కడి నుంచి రాకెట్టుతో అంతరిక్షం అంచు తాకి, తిరిగి రన్‌వే మీద వాలే అంతరిక్ష విమానంలో ఒక్కసారైనా కూర్చోవాలన్నది చాలాకాలపు కోరిక. అడిగినవి మూడు. అది నిజంగా అంతరిక్షయానమేనా? రెక్కలుండి రన్‌వే మీద దిగుతుంది కాబట్టి పారాచూట్లతో దిగే క్యాప్సూల్ కంటే భద్రమనుకోవచ్చా? మీ ఒంటికి అది సరిపడుతుందా?

సూటిగా జవాబు చెబుతాను. అంతరిక్షయానమే, కాని కొద్ది నిమిషాలది, భూమి చుట్టూ తిరిగేది కాదు. భద్రత విషయంలో రెక్కలను చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. మనం రోజూ ఎక్కే విమానాల భద్రతా చరిత్రకూ దీనికీ పోలికే లేదు. ఆరోగ్యం మాత్రం మీరు భయపడుతున్నంత అడ్డంకి కాకపోవచ్చు. మీరు ఎక్కేది రెక్కలున్న రాకెట్టు. అది విమానంలా నడుచుకునేది ప్రయాణం చివరి భాగంలోనే. నేను చెప్పబోయేదంతా చాలావరకు ఈ మాటకు వివరణే.

నా వృత్తి వాహనాల పథగణన. వాతావరణం దాటి తిరిగి వచ్చే వాహనం ఏ క్షణాన ఎంత వేగంతో, ఏ కోణంలో ఉంటుందో లెక్కగట్టడం, ఆ లెక్కలను పైలట్ల శిక్షణకు వాడే సిమ్యులేటర్లలోకి ఎక్కించడం చాలా ఏళ్లుగా నా పని. ప్రయోగాల కోసం, భారరహిత స్థితి కల్పించే పారాబోలిక్ విమానాల్లోనూ ఎగిరాను. వైద్యుణ్ణి కాను కాబట్టి ఆరోగ్యం గురించి చెప్పేది ఆ శిక్షణల్లో చూసినంత మేరకే.

ముందు ప్రయాణం ఎలా సాగుతుందో చూద్దాం. డబ్బు కట్టిన ప్రయాణికులను అంతరిక్షం అంచుకు తీసుకెళ్లిన అంతరిక్ష విమానంగా మనకు ఉదాహరణ వర్జిన్ గెలాక్టిక్ సంస్థకు చెందిన వీఎస్ఎస్ యూనిటీ. ఇది స్పేస్‌షిప్‌టూ తరగతి వాహనం. రెండు విమానాలను ఒకే పొడవాటి రెక్కతో కలిపినట్టు కనిపించే మాతృవిమానం దాన్ని మధ్యలో తగిలించుకుని సుమారు 13, 14 కిలోమీటర్ల ఎత్తుకు మోసుకెళ్తుంది. అక్కడ వదిలేస్తుంది. రెండు మూడు సెకన్లు కిందికి జారాక రాకెట్టు మోటారు అంటుకుంటుంది, ముక్కు పైకి తిరిగి వాహనం దాదాపు నిటారుగా ఎక్కుతుంది. మోటారు మండేది సుమారు ఒక్క నిమిషమే. ఆ నిమిషంలోనే వేగం శబ్దవేగానికి మూడు రెట్ల దగ్గరికి చేరుతుంది. మోటారు ఆగాక ఆ ఊపుతోనే 85, 90 కిలోమీటర్ల వరకు వెళ్లి, శిఖరం దాటి, కిందికి పడటం మొదలవుతుంది. గాలి చిక్కబడే ఎత్తుకు వచ్చాక ఇంజిను లేని గ్లైడర్‌గా రన్‌వే చేరుతుంది. యూనిటీ ప్రయాణికుల యాత్రలు న్యూ మెక్సికోలోని స్పేస్‌పోర్ట్ అమెరికా నుంచి సాగాయి. నేల విడిచి నేల చేరడానికి గంటకు పైగా పట్టినా, మీరు దేనికోసం టికెట్టు కొంటున్నారో ఆ భాగం మూడు నాలుగు నిమిషాలే.

ఆ నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయో మీరే లెక్క వేసుకోవచ్చు. గాలి ప్రభావం దాదాపు పోయే 50 కిలోమీటర్ల ఎత్తు నుంచి 90 కిలోమీటర్ల శిఖరానికి మధ్య 40 కిలోమీటర్లు. అంత ఎత్తు నుంచి పడటానికి ఏ వస్తువుకైనా సుమారు 90 సెకన్లు కావాలి. ఎక్కడానికీ అంతే. కలిపితే మూడు నిమిషాలు. ఆ సమయం రెట్టింపు కావాలంటే ఆ 40 కిలోమీటర్లు నాలుగింతలై 160 కావాలి, దానికి ఈ మోటారు చాలదు. కాబట్టి ఏ సంస్థ అయినా ఇలాంటి వాహనంలో పది నిమిషాల భారరహిత స్థితి ఇస్తామంటే నమ్మకండి. ఇంకొక సంగతి. అక్కడ గురుత్వాకర్షణ లేకపోవడం వల్ల మీరు తేలరు. 90 కిలోమీటర్ల ఎత్తులో భూమి లాగే బలం నేల మీద ఉన్నదాంట్లో 97 శాతం ఉంటుంది. మీరూ వాహనమూ ఒకే తీరున పడుతున్నారు కాబట్టి సీటు మిమ్మల్ని పైకి నెట్టడం మానేస్తుంది. తేలడమంటే అదే.

ఇక అంతరిక్షమేనా అన్న ప్రశ్న. వైమానిక రికార్డులను గుర్తించే అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఏఐ 100 కిలోమీటర్ల కార్మన్ రేఖను హద్దుగా తీసుకుంటుంది. అమెరికా వైమానిక దళం, అక్కడి పౌర విమానయాన సంస్థ ఎఫ్ఏఏ మాత్రం 50 మైళ్లు, అంటే సుమారు 80 కిలోమీటర్లు దాటితే చాలంటాయి. యూనిటీ ఈ రెండో గీత దాటింది, మొదటిది దాటలేదు. 2021 జులై 11న సంస్థ స్థాపకుడు రిచర్డ్ బ్రాన్సన్, శిరీష బండ్ల తదితరులు చేరిన ఎత్తు సుమారు 86 కిలోమీటర్లు. తొమ్మిది రోజుల తర్వాత జెఫ్ బెజోస్ ఎక్కిన, ఆయన సంస్థ బ్లూ ఆరిజిన్‌దే అయిన న్యూ షెపర్డ్ క్యాప్సూల్ 100 దాటింది. ఈ తేడా మీద జరిగిన వాదోపవాదాలకు నేను పెద్ద విలువ ఇవ్వను, ఎందుకంటే వాతావరణం ఏ ఎత్తులోనూ గోడ కట్టినట్టు ఆగిపోదు. 86 కిలోమీటర్ల నుంచి దిగంతం వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంటుంది. పట్టపగలే ఆకాశం నల్లగా ఉంటుంది. మనం ఊపిరి పీల్చే గాలి మొత్తం భూమి అంచున సన్నని నీలి గీతగా కనిపిస్తుంది. ఇంకో 14 కిలోమీటర్లు పైకి పోతే ఆ దృశ్యంలో కంటికి తెలిసే మార్పు పెద్దగా ఉండదు. కాకపోతే 100 అనే అంకె మీకు మనసులో ముఖ్యమైతే ఆ విషయం ముందే తేల్చుకోండి, తర్వాత వెలితిగా ఉండకూడదు.

కక్ష్యలోకి వెళ్లడంతో మాత్రం దీన్ని కలపకండి. భూమి చుట్టూ తిరగాలంటే సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్ల వేగం కావాలి. ఇక్కడ చేరేది సెకనుకు ఒక కిలోమీటరుకు అటూఇటూ. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, కిలో బరువుకు లెక్కేస్తే తేడా ఎనిమిది రెట్లు కాదు, అరవై రెట్లు. తిరిగి వచ్చేటప్పుడు వేడిగా మారవలసినదీ ఈ శక్తే. అందుకే ఈ వాహనానికి స్పేస్ షటిల్ మీద ఉన్నట్టు వేల కొద్దీ ఉష్ణకవచ పలకలు అక్కరలేదు. నన్ను అడిగే వాళ్లలో చాలామంది ముందుగా భయపడేది "కాలిపోతామా" అనే. ఆ భయం కక్ష్య నుంచి దిగేవాళ్లకు న్యాయమే, మీకు మాత్రం అది మొదటి వరుసలో ఉండవలసింది కాదు.

అయినా పడే వాహనం సరైన భంగిమలో పడాలి. ముక్కు ముందుకు పెట్టి వాతావరణంలోకి దూసుకొస్తే వేగం తగ్గదు, నిర్మాణం తట్టుకోదు. దీనికి విమానాల రూపకర్త బర్ట్ రుటాన్ కనిపెట్టిన ఉపాయం నాకు ఈ రంగంలో అత్యంత ఇష్టమైనది. రెక్క వెనుక భాగాన్నీ తోకనూ కలిపి ఒక కీలు మీద పైకి మడిచేస్తాడు. అప్పుడు వాహనం బ్యాడ్మింటన్ షటిల్‌లా తనంతట తానే సరైన వైపు తిరిగి, పొట్ట కిందికి పెట్టి, నెమ్మదిగా పడుతుంది. పైలట్ కోణాన్ని సెకను సెకనుకూ సరిచేస్తూ ఉండాల్సిన పని లేదు. గాలి పలుచగా ఉన్నచోటే వేగం తగ్గిపోతుంది కాబట్టి వేడీ తక్కువే. మైక్రోసాఫ్ట్ సహస్థాపకుడు పాల్ అలెన్ డబ్బుతో రుటాన్ బృందం కట్టిన, స్పేస్‌షిప్‌టూకు ముందు తరమైన స్పేస్‌షిప్‌వన్ 2004 జూన్ 21న పైలట్ మైక్ మెల్విల్ చేతుల్లో 100 కిలోమీటర్లు దాటింది. ప్రైవేటు సొమ్ముతో మనిషి అంతరిక్షం చేరడం అదే మొదలు. అదే ఏడాది సెప్టెంబరు 29, అక్టోబరు 4 యాత్రలతో ప్రైవేటు అంతరిక్షయానానికి పెట్టిన కోటి డాలర్ల బహుమతి అన్సారీ ఎక్స్ ప్రైజ్ గెలిచింది. అక్టోబరు 4న బ్రయాన్ బిన్నీ చేరిన ఎత్తు సుమారు 112 కిలోమీటర్లు.

ఇప్పుడు అసలు ముప్పు సంగతి. ఈ వాహనానికి గండమంతా ఒక దశ నుంచి ఇంకో దశకు మారే చోట్లలో ఉంది. మామూలు విమానం నేల నుంచి నేల వరకు ఒకే గాలిలో, దాదాపు ఒకే సూత్రంతో ఎగురుతుంది. ఇది కొద్ది నిమిషాల్లో శబ్దవేగం లోపల, శబ్దవేగం దగ్గర, దాని పైన, గాలే లేనిచోట, మళ్లీ వెనక్కి, ఇన్ని రకాలుగా ఎగరాలి. ఒక దశలో ప్రాణం కాపాడే పనే ఇంకో దశలో ప్రాణం తీయగలదు. స్పేస్‌షిప్‌వన్‌లో శబ్దవేగం లోపల నడిపే పద్ధతి వేరు, దాటాక వేరు, పైన గాలి లేనిచోట చిన్న గ్యాస్ జెట్లే దిక్కు. సెప్టెంబరు 29న మోటారు మండుతుండగానే వాహనం గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. మెల్విల్ మోటారును అనుకున్నదాని కంటే ముందే ఆపేశాడు. తోక, రెక్కల పలకలకు పట్టు దొరకనంత పలుచని గాలిలో ఉండటంతో, చివరికి గ్యాస్ జెట్లతోనే ఆ తిరుగుడు ఆపాల్సి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టిన యాత్ర అది, కాని పథగణన చేసేవాళ్లు మాత్రం ఆ దృశ్యాన్ని ఇప్పటికీ పాఠంగా చూస్తారు.

ఇదేమీ కొత్త కథ కాదు. 1959 నుంచి 1968 వరకు 199 సార్లు ఎగిరిన అమెరికా ఎక్స్-15 రాకెట్ విమానాన్ని కూడా బీ-52 బాంబర్ విమానం కింద తగిలించి పైకి తీసుకెళ్లేవారు. 1963 ఆగస్టులో జో వాకర్ దాంట్లో సుమారు 108 కిలోమీటర్లు ఎక్కాడు. రుటాన్ బృందానికి నలభై ఏళ్ల ముందే రెక్కల వాహనం కార్మన్ రేఖ దాటిందన్నమాట. అదే వాహనం 1967 నవంబరు 15న పైలట్ మైఖేల్ ఆడమ్స్‌ను బలి తీసుకుంది. పైన గాలి లేనిచోట ముక్కు దిశ పక్కకు తప్పింది, అలాగే వాతావరణంలోకి దిగేసరికి శబ్దవేగానికి ఐదు రెట్ల వేగంలో తిరుగుడులో పడి చివరకు ముక్కలైంది. గాలి లేనిచోట జరిగిన పొరపాటుకు అక్కడ శిక్ష ఉండదు. గాలిలోకి వచ్చాక పడుతుంది.

2014 అక్టోబరు 31 ప్రమాదాన్ని మీరు తప్పక తెలుసుకోవాలి. మొదటి స్పేస్‌షిప్‌టూ అయిన వీఎస్ఎస్ ఎంటర్‌ప్రైజ్ పరీక్షా యాత్ర అది. తోకను మడిచే యంత్రాంగానికి ఒక తాళం ఉంటుంది. వేగం మాక్ 1.4, అంటే శబ్దవేగానికి 1.4 రెట్లు, చేరాక దాన్ని తీయాలన్నది నియమం. అంత ముందుగా ఎందుకు తీస్తారని మీకు సందేహం రావచ్చు. తీరా పైకి వెళ్లాక తాళం రాకపోతే తోక మడవడం కుదరదు, దిగడం ప్రాణాంతకమవుతుంది. కాబట్టి మోటారును ఇంకా ఆపగలిగే దశలోనే తాళం పని చేస్తుందో లేదో తేల్చుకోవాలి. ఆలోచన సరైనదే. ఆ రోజు సహపైలట్ మైఖేల్ ఆల్స్‌బరీ తాళాన్ని మాక్ 0.8 దగ్గరే తీశాడు. శబ్దవేగం దాటే ఆ ప్రాంతంలో తోక మీద గాలి బలం పైకి ఉంటుంది. తాళం లేకపోవడంతో ఎవరూ మడవమని చెప్పకుండానే తోక మడుచుకుంది. మాతృవిమానం వదిలిన పావు నిమిషం లోపే వాహనం ముక్కలైంది. ఆల్స్‌బరీ చనిపోయాడు. పైలట్ పీటర్ సీబోల్డ్ బయటకు విసిరివేయబడి, పారాచూట్ తనంతట తానే తెరుచుకోవడంతో గాయాలతో బతికాడు. దర్యాప్తు చేసిన అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు తప్పును ఒక్క మనిషి మీద నెట్టి ఊరుకోలేదు. ఒక్క మనిషి ఒక్క పొరపాటు చేస్తే వాహనమే పోయే అవకాశం ఉందని రూపకల్పనలో ఊహించి దానికి అడ్డుకట్ట వేయకపోవడాన్ని మూలకారణంగా చూపింది. తర్వాత యూనిటీలో తాళం వేళకు ముందే తీయడానికి వీల్లేకుండా యాంత్రికమైన అడ్డు అమర్చారు.

నా పని ఈ ప్రమాదంతో ఎక్కడ కలుస్తుందో చెబుతాను. వేరే వాహనం కోసం కట్టిన సిమ్యులేటర్లో ఇలాంటి పరీక్షలే పెట్టేవాళ్లం. పైలట్ ఎదుట తెర మీద వేగం అంకె పైకి పరుగెడుతూ ఉంటుంది. 0.8 రాగానే గట్టిగా చెప్పాలి, తోకను సరిచేయాలి, తర్వాతి గుర్తు కోసం చూడాలి, అది వచ్చాక మీట లాగాలి. ఆ మీట లాగడానికి ఒక గడువు కూడా ఉంటుంది, అది దాటితే యాత్ర రద్దు. సీటు కదలకుండా ఉన్నప్పుడు అందరూ తడబడకుండా చేసేవాళ్లు. సీటుకు రాకెట్టు అదురు కలిపి, చెవుల్లో మోత పెంచి, తెర మీది అంకెలు అదిరేలా చేయగానే చేతులు మారిపోయేవి. మేము ఆలస్యాలు వస్తాయని ఎదురు చూశాం. వచ్చినవాటిలో తొందరపాట్లే ఎక్కువ. గడువు దాటిపోతుందేమోనన్న ఆందోళనతో చెయ్యి ముందే మీట మీదికి పోయేది, లాగేసేది. ఎంతో అనుభవం ఉన్నవాళ్లూ ఇందుకు మినహాయింపు కాదు. ఆ తర్వాత నుంచి నా అభిప్రాయం గట్టిపడింది: తప్పు వేళలో లాగినా కదలని మీట కావాలి. శిక్షణ దానికి తోడుగా ఉండాలే తప్ప దానికి బదులు కాకూడదు. మీరు ఏ సంస్థను ఎంచుకున్నా అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. ఒక్క మనిషి ఒక్క పొరపాటుతో వాహనం పోయే చోట్లు ఏవి, ప్రతిదానికీ యంత్రంలో ఏ అడ్డు పెట్టారు?

రెక్కల వల్ల మేలే లేదని అనను. 2020 డిసెంబరు 12న యూనిటీ మోటారు అంటుకున్న వెంటనే ఆగిపోయింది. విద్యుదయస్కాంత జోక్యం వల్ల కంప్యూటర్ మళ్లీ మొదలవడమే కారణం. పైలట్లు గ్లైడర్‌లా తిప్పుకుని రన్‌వే మీద దించారు, ఎవరికీ ఏమీ కాలేదు. మోటారు వెలగకపోతేనో, మధ్యలో ఆగిపోతేనో ఇంటికి చేరే దారి ఉండటం రెక్కల వాహనానికి నిజమైన బలం. ఆ దారికి కూడా షరతు ఉంది, వాహనం ఒక్క ముక్కగా ఉండాలి.

క్యాప్సూల్ బలం వేరేచోట ఉంది. న్యూ షెపర్డ్‌లో పైలట్లే ఉండరు, అంతా కంప్యూటర్ నడుపుతుంది. కింది రాకెట్టులో తేడా వస్తే క్యాప్సూల్‌ను లాగి దూరంగా విసిరే తప్పించుకునే మోటారు ఉంది. 2022 సెప్టెంబరు 12న మనుషులు లేని ఒక యాత్రలో రాకెట్టు విఫలమైంది, క్యాప్సూల్ తప్పించుకుని పారాచూట్లతో క్షేమంగా దిగింది. అంతరిక్ష విమానంలో మిమ్మల్ని విడిగా బయటపడేసే అలాంటి ఏర్పాటు ప్రయాణికుల గదికి లేదు. విమానంలా దిగడం హాయిగా ఉంటుంది, కాని మోటారు మండుతున్న నిమిషంలో తప్పించుకునే ఏర్పాటు ఉన్న క్యాప్సూల్ వైపే నేను మొగ్గుతాను. ఇది ఇంజినీరుగా నా తీర్పు. పైలట్ చేతుల్లో ఎగిరే అనుభూతి, మాతృవిమానం మీద మెల్లగా ఎక్కడం, చివరి గ్లైడ్, ఇవి కావాలనుకునేవారికి అంతరిక్ష విమానమే నచ్చుతుంది, అది అర్థం చేసుకోగలను.

మోటారు గురించి క్లుప్తంగా. ఇది హైబ్రిడ్ రకం. రబ్బరు లాంటి ఘన ఇంధనం, దాన్ని మండించడానికి నైట్రస్ ఆక్సైడ్. వాల్వు మూస్తే ఆగిపోతుంది, ఇంధనం ఒక్కటే ఉంటే మండదు, కాబట్టి ప్రమాదం లేనిదని మొదట్లో ప్రచారం జరిగింది. 2007 జులై 26న మొహావీలో మంట కూడా లేని నైట్రస్ ఆక్సైడ్ ప్రవాహ పరీక్షలో పేలుడు జరిగి ముగ్గురు చనిపోయారు. రాకెట్ మోటారులో నిక్షిప్తమైన శక్తికి అమాయకమైన రూపం ఏదీ లేదు. పైగా ఈ మోటారు ప్రధాన భాగాన్ని ప్రతి యాత్రకూ కొత్తగా బిగించాలి. యాత్రలు తరచుగా సాగకపోవడానికి, ధర దిగకపోవడానికి ఇదీ ఒక కారణం.

చట్టం సంగతి చాలామందికి తెలియదు. అమెరికాలో ఎఫ్ఏఏ ఇచ్చే లైసెన్సు ప్రధానంగా నేల మీద ఉన్న జనం, ఆస్తుల భద్రతను చూస్తుంది. లోపల కూర్చున్న ప్రయాణికుడి భద్రతకు విమానాలకు ఇచ్చినట్టు ధ్రువీకరణ ఇవ్వదు. 2004 చట్టం ప్రకారం ఆ నిబంధనలు పెట్టకుండా ఒక గడువు విధించారు, దాన్ని పలుమార్లు పొడిగించారు. బదులుగా మీకు ముప్పులన్నీ రాతపూర్వకంగా చెప్పి, ఈ వాహనం మనుషులను తీసుకెళ్లడానికి సురక్షితమని ప్రభుత్వం ధ్రువీకరించలేదని కూడా తెలియజేసి, మీ సంతకం తీసుకుంటారు. ఆ కాగితాన్ని హోటల్ గదికి సంతకం పెట్టినట్టు పెట్టకండి. వారం ముందే తెప్పించుకుని, ఇంట్లోవాళ్లతో కూర్చుని చదవండి. మీ జీవిత బీమా పాలసీలో ఇలాంటి ప్రయాణాలకు మినహాయింపు ఉందేమో అప్పుడే చూసుకోండి.

ఇక మీ ఆరోగ్యం. ఎక్కేటప్పుడు మూడున్నర, నాలుగు జి వరకు, దిగేటప్పుడు ఐదు, ఆ పైన కూడా పడుతుంది. అంటే కొన్ని సెకన్ల పాటు మీ బరువు నాలుగైదు రెట్లు అవుతుంది. అంకె కంటే అది ఏ వైపు పడుతుందన్నదే ముఖ్యం. తల నుంచి కాళ్ల వైపు పడితే రక్తం కిందికి దిగి కళ్లు మసకబారతాయి. ఛాతీ నుంచి వీపు వైపు పడితే ఊపిరి బరువవుతుంది కాని స్పృహకు ముప్పు చాలా తక్కువ. అందుకే యూనిటీలో దిగేటప్పుడు సీట్లు వెనక్కి వాలేలా ఏర్పాటు చేశారు. మనిషిని గుండ్రంగా వేగంగా తిప్పి ఇలాంటి జి-బలం కలిగించే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో మామూలు మనుషుల మీద జరిగిన పరిశోధనల్లో అదుపులో ఉన్న రక్తపోటు, మధుమేహం, గుండె సమస్యలు ఉన్నవాళ్లు కూడా ఎక్కువ మంది తట్టుకున్నారు. మధ్యలో ఆపమన్న వాళ్ల విషయంలో తరచుగా కనిపించిన కారణం ఆందోళన. నేను శిక్షణల్లో చూసినదీ అదే. గుండె బలంగా ఉన్న యువకుడు తలుపు మూయగానే దిగిపోతానన్నాడు. మందులు వాడే పెద్దామె నవ్వుతూ బయటికి వచ్చింది.

వయసు విషయంలో ఉదాహరణలకు కొదవ లేదు. 2023 ఆగస్టు 10న యూనిటీలో వెళ్లిన జాన్ గుడ్విన్‌కు 80 ఏళ్లు, పైగా పార్కిన్సన్స్ వ్యాధి. న్యూ షెపర్డ్‌లో వాలీ ఫంక్ 82వ ఏట, విలియం షాట్నర్, ఎడ్ డ్వైట్ 90వ ఏట వెళ్లొచ్చారు. మీకు నేను చెప్పేది ఒక్కటే. రక్తపోటు అంకె కంటే మీరు వాడే మందు ఏ రకమో వైద్యుడికి ముందుగా చెప్పండి. గుండె వేగాన్ని తగ్గించే రకం మందులు, ఒంట్లో నీరు తగ్గించేవి జి-బలాన్ని తట్టుకోవడంలో తేడా తేగలవు. వాటిని మీరే ఆపడం, మార్చడం చేయకండి. విమానయాన వైద్యంలో శిక్షణ పొందిన వైద్యుడు చూసి, సెంట్రిఫ్యూజ్‌లో ఒకసారి పరీక్షిస్తే ఊహాగానాలు అక్కరలేదు. వాంతి రాకుండా వేసుకునే మాత్రలు మగత తెస్తాయి కాబట్టి వాటినీ ముందు నేల మీదే వేసుకుని చూడండి.

నా మనసుకు దగ్గరైన సంగతి ఒకటి ఉంది: ఆ మూడు నిమిషాలను చేజారనివ్వకండి. పారాబోలిక్ విమానంలో ఒక్కో విడత భారరహిత స్థితి 20 నుంచి 25 సెకన్లే. మొదటి విడతలో దాదాపు అందరూ చేసేది ఒకటే, ఈత కొట్టినట్టు కాళ్లు ఆడిస్తారు. గాలిలో కాళ్లు ఆడిస్తే ఎక్కడికీ పోరు, పక్కవాడి మొహానికి తగులుతాయి. రెండు వేళ్లతో పట్టీని మెల్లగా నెట్టినా గది అవతలి గోడకు చేరిపోతారు. ఆ చిన్న బలం ఎంతో చేతికి తెలియడానికి రెండు మూడు విడతలు పడుతుంది. అంతరిక్ష విమానంలో మీకు దొరికేది ఒక్కటే విడత. కాబట్టి ముందుగా పారాబోలిక్ యాత్ర చేసి, తేలడం, మలుపు తిరగడం, తిరిగి సీటుకు చేరి పట్టీ బిగించుకోవడం నేర్చుకుని వెళ్లండి. జి-బలం మొదలయ్యేలోపు సీటుకు చేరడం వేడుక కాదు, భద్రత. ఫోటోలు గది కెమెరాలకు వదిలేయండి. శిరీష బండ్ల తన యాత్రలో మొక్కల ప్రయోగం చేతిలో పట్టుకుని, ఏ దశలో ఏ ట్యూబును నొక్కాలో సాధన చేసి వెళ్లారు. మీకు ప్రయోగం లేకపోయినా అలాంటి క్రమం ఒకటి ఉండాలి: మొదట పట్టీ విప్పడం, ఒక్క కిటికీ దగ్గరికి చేరడం, అక్కడే ఉండిపోవడం.

చివరగా డబ్బు, నిరీక్షణ. టికెట్టు మొదట్లో 2 లక్షల డాలర్లు, తర్వాత 2.5 లక్షలు, 2021లో 4.5 లక్షలు అయింది. గుడ్విన్ టికెట్టు కొన్నది 2005లో, ఎగిరింది 2023లో. యూనిటీ 2024 జూన్ 8న చివరి యాత్ర చేసి విరమించింది. సంస్థ తన తర్వాతి తరం డెల్టా తరగతి వాహనాల మీద దృష్టి పెట్టింది. కొత్త వాహనమంటే పరీక్షా యాత్రలన్నీ మొదటి నుంచి. తొలి ప్రయాణికుల వరుసలో ఉండాలని తొందరపడకండి, అదే వాహనం వరుసగా అనేక యాత్రలు చేసి, తేడాలు బయటపడి, వాటిని సరిచేశాక ఎక్కడం మేలు. ఈ రంగంలో మునిగిపోయిన సంస్థలూ ఉన్నాయి. రన్‌వే నుంచి తన రాకెట్లతోనే లేవాల్సిన రెండు సీట్ల లింక్స్ వాహనానికి ఎక్స్‌కోర్ టికెట్లు అమ్మింది, వాహనం ఒక్కసారీ ఎగరకుండానే 2017లో దివాలా తీసింది. కాబట్టి బయానా కట్టేముందు మూడు సంగతులు రాతలో తీసుకోండి: మీ సొమ్ము సంస్థ ఖర్చులకు పోకుండా వేరే ఖాతాలో ఉంటుందా, ఏ తేదీ దాటితే పూర్తిగా తిరిగి ఇస్తారు, వైద్య పరీక్షలో మీరు చివరి క్షణంలో తప్పితే ఎంత కోత పెడతారు.